నల్లేరు కాడ – విరిగిన ఎముక

(ఉగాది సందర్భంగా మన సంఘం ఏర్పాటు చేసిన కుటుంబ గోష్ఠిలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఉగాదికీ పంచాంగ శ్రవణం అయిన తరువాత, సాహిత్యం తెలిసినవారు సాహిత్యం మీదా, సంగీతం తెలిసినవారు సంగీతం మీదా నాలుగు మాటలు చెప్పడం మన సంఘంలో ఆనవాయితీ. నాకు ఆ రెండూ తెలియవు. మెట్రిక్యులేషను వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగా చేరి, పన్నెండేళ్ళుగా పార్శిల్ ఆఫీసులో లెక్కలు చూస్తున్నవాణ్ణి. "మీ అనుభవంలోని సంగతి ఏదైనా ఒకటి చెప్పండి, చాలు" అని కార్యదర్శిగారు పట్టుబట్టారు. అనుభవంలోనిది అంటే నాకు ఒక్కటే తోచింది. అది మా అమ్మ ఎముక విరిగిన కథ. దానితోపాటే నల్లేరు కథ.

నేను వైద్యుణ్ణి కాను. శాస్త్రజ్ఞుణ్ణి అసలే కాను. అయితే కష్టం వచ్చి నెత్తిన పడిన తరువాత, దాని సంగతి ఏమిటో తెలుసుకుందామని ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చుని చదివాను. తెలియనిచోట తెలిసినవారిని అడిగాను. ఆ చదివినదీ, విన్నదీ, ఆఖరికి నేను చేసిన ఒక తప్పూ మీ ముందు పెడుతున్నాను. మీలో ఏ ఒక్కరికి పనికివచ్చినా నా శ్రమ ఫలించినట్లే.

నాలుగేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున మా అమ్మ క్వార్టర్సులో స్నానాలగది గడప దగ్గర కాలు జారి, చెయ్యి ఆనించి పడింది. కుడి మణికట్టు వాచిపోయింది. ఆ గంటలో మా ఇంట్లో జరిగిన గొడవ మీలో చాలామంది ఇళ్ళలో జరిగే ఉంటుంది. ఊళ్ళో మా పెద్దనాయనకు ఫోను చేస్తే, "ఆస్పత్రి ఎందుకురా నాయనా, రైలెక్కించుకొని రా, పుత్తూరు కట్టు కట్టించుకొని పోదువు" అన్నాడు. మా ఆఫీసు సూపరింటెండెంటుగారు, "ముందు ఎక్స్‌రే తీయించవయ్యా" అన్నారు. పక్కింటి కన్నడిగుల అమ్మగారు ఒక గిన్నెలో పచ్చటి కాడలు పట్టుకొచ్చి, "ఇది మంగరవళ్ళి, నూరి పెట్టండి, ఎముక అతుక్కుంటుంది" అన్నారు. ఆ కాడలు చూసి నొప్పితో మూలుగుతున్న మా అమ్మ కూడా నవ్వింది. "ఇది మన నల్లేరే గదరా!" అన్నది.

మనలో బెంగుళూరులో పుట్టి పెరిగిన పిల్లలకు నల్లేరు తెలియదు. కాబట్టి ముందు దాన్ని పరిచయం చేస్తాను. పల్లెల్లో కంచెల మీదా, పొదల మీదా అల్లుకుని పెరిగే తీగ ఇది. ఆకులు తక్కువ, కాడే ఎక్కువ. కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. కణుపు దగ్గర సన్నబడి, మళ్ళీ లావెక్కి, మళ్ళీ కణుపు దగ్గర సన్నబడుతుంది. దూరం నుంచి చూస్తే చిన్న చిన్న ఎముకలను గొలుసుగా కలిపినట్లు ఉంటుంది. అందుకే కాబోలు సంస్కృతంలో దీనికి అస్థిశృంఖల అని పేరు. వజ్రవల్లి అని మరో పేరు. హిందీవారు హడ్జోడ్ అంటారు, అనగా ఎముకలు అతికేది. తమిళులు పిరండై అంటారు. శాస్త్రజ్ఞులు సిస్సస్ క్వాడ్రాంగులారిస్ అంటారు. ఈ రెండో మాటకు నాలుగు పలకలది అనే అర్థం. ఇది ద్రాక్ష కుటుంబానికి చెందిన మొక్క.

పని సాఫీగా సాగిపోతే "నల్లేరు మీద బండి నడక" అంటాము. దారికి అడ్డంగా పాకిన నల్లేరు మీదుగా బండి మెత్తగా వెళ్ళిపోతుంది. బండికి సుఖమే గాని నల్లేరు సంగతి ఎవరూ అడగరు. చక్రం కింద అది నలుగుతుంది, తెగుతుంది. కాని చావదు. తెగిన కణుపు మట్టి తగిలితే వేరు పట్టి మళ్ళీ చిగురిస్తుంది. విరిగినా మళ్ళీ అతుక్కునే గుణం ఈ తీగలో చూసి, విరిగిన ఎముకకు ఇదే మందు అని మన పూర్వులు అనుకొని ఉండవచ్చు. అయితే పోలికను బట్టి మందును నిర్ణయిస్తే ఒకప్పుడు నిజమవుతుంది, ఒకప్పుడు కాదు. జీడిపప్పు మూత్రపిండం ఆకారంలో ఉన్నది గదా అని మూత్రపిండాల జబ్బుకు జీడిపప్పు పెట్టలేము గదా! కాబట్టి పోలికను పక్కన పెట్టి, పరీక్ష ఏం చెబుతున్నదో చూడాలి.

వంట సంగతి కూడా ఒక మాట చెబుతాను. లేత కాడలు ఏరుకొని, చేతులకు నూనె రాసుకొని, కణుపులు తీసేసి, పలకల మీది నార లాగి, ముక్కలు నూనెలో బాగా వేయించి, చింతపండు, ఎండుమిరపకాయలు, మినప్పప్పు, నువ్వులు కలిపి నూరితే నల్లేరు పచ్చడి. నూనె రాసుకోకపోతే చేతులు దురద. సరిగా వేయించకపోతే నాలుక దురద. కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండటమే దీనికి కారణం. "కాల్షియం ఉన్నది గదా, ఎముకకు మంచిదే" అని ఎవరైనా అనవచ్చు. కాని ఆక్సలేటుతో ముడిపడిన కాల్షియాన్ని మన పేగులు అంతగా పీల్చుకోలేవు. నల్లేరులో మేలు ఏమైనా ఉంటే అది మరో దారిన రావాలి.

ఇక పుత్తూరు కట్టు. మాది ఆ చుట్టుపక్కల పల్లె కాబట్టి ఈ మాట చెప్పే హక్కు కొంచెం ఉన్నదనుకుంటాను. రేణిగుంట నుంచి అరక్కోణం పోయే దారిలో పుత్తూరు స్టేషను. చిన్నప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద చెయ్యి మెడకు వేలాడగట్టుకున్నవారినీ, మంచం మీద మోసుకొచ్చినవారినీ చూడని రోజు లేదు. తెలుగు, తమిళం, కన్నడం అన్ని భాషల మూలుగులూ అక్కడ వినబడేవి. పుత్తూరు పక్కనున్న రాచపాళెంలో 1881లో కేశవరాజుగారు ఈ వైద్యం మొదలుపెట్టారు. వేటలో పడిన కుందేలును ఆయన ఏవో ఆకుల్లో చుట్టి ఇంటికి తెస్తే, విప్పి చూసేసరికి దాని విరిగిన ఎముకలు అతుక్కుని ఉన్నాయట. ఆ ఆకే మందు అయిందట. ఇది మా వైపు ముసలివాళ్ళు చెప్పే కథ. కథ ఎలాగున్నా, ఆ కుటుంబంవారి చేతివాటం తరతరాలుగా వచ్చింది. విరిగినచోటు వేళ్ళతో తడిమి, ఎముకను సరిచేసి, నూరిన ఆకు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో కట్టడం ఆ వైద్యం.

1881 అంటే, రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టడానికి 14 ఏళ్ళు ముందు. లోపల ఎముక ఎలా ఉన్నదో కన్ను చూడలేని రోజుల్లో వేళ్ళతో చూసి కట్టారు. బీదవాడికి అందుబాటులో ఉన్నారు. ఆ విద్యకు నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, తరువాత చెప్పబోయేది విని, వీడు మన విద్యలను చులకన చేస్తున్నాడని మీరు అనుకోకూడదు.

ఎముక అంటే ఏమిటి? ఎండిన కట్టె లాంటిదని నేను అనుకునేవాణ్ణి. అది తప్పు. ఎముక మన రైలుపట్టా లాంటిది. పట్టా వేసినది వేసినట్లే ఎన్నడూ ఉండదు. బళ్ళు నడుస్తూ ఉండగానే గ్యాంగువాళ్ళు పాత స్లీపరు తీసి కొత్తది వేస్తారు, కంకర సర్దుతారు. మన ఎముకలోనూ అలాగే రెండు ముఠాలు రాత్రింబవళ్ళు పనిచేస్తుంటాయి. ఒక ముఠా జీవకణాలు పాత ఎముకను కరిగించి తీసేస్తాయి. వాటికి ఆస్టియోక్లాస్టులని పేరు. మరొక ముఠా కొత్త ఎముకను కడతాయి. అవి ఆస్టియోబ్లాస్టులు. పడుచుతనంలో కట్టే పని, తీసే పని సమానంగా సాగుతాయి. స్త్రీలకు నెలసరి ఆగిపోయిన తరువాత ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గిపోవడంచేత తీసే ముఠా చురుకవుతుంది, కట్టే ముఠా వెనకబడుతుంది. ఎముక గుల్లబారుతుంది. దానినే ఆస్టియోపోరోసిస్ అంటారు. అది నొప్పి పెట్టదు, జ్వరం తేదు. ఒకనాడు గడప దగ్గర కాలు జారితే అప్పుడు తెలుస్తుంది.

మరి ఈ కట్టే కణాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడ మూలకణాలు అనే మాట వస్తుంది. ఇది పెద్ద మాటలా వినిపిస్తుంది గాని మన రైల్వేవాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. కొత్తగా చేరినవాళ్ళు శిక్షణ పాఠశాలలో ఉన్నంతకాలం అందరూ ఒక్కలాగే కనిపిస్తారు. ఉత్తర్వు వచ్చిన తరువాత ఒకడు పాయింట్స్‌మన్ అవుతాడు, ఒకడు పట్టా మీదికి పోతాడు, ఒకడు నాలాగ కాగితాల్లో పడతాడు. ఎముకల మూలుగలో అలాంటి, ఇంకా పోస్టింగు కాని కణాలు కొన్ని ఉన్నాయి. వాటికి అందిన రసాయనిక ఉత్తర్వును బట్టి అవి ఎముక కట్టే కణాలు కావచ్చు, మృదులాస్థి కణాలు కావచ్చు, లేదా వట్టి కొవ్వు కణాలు కావచ్చు. వయసు మళ్ళినకొద్దీ మూలుగలో కొవ్వు వాటా పెరుగుతుంది. మూలుగలో ఇలాంటి కణాలు ఉన్నాయని మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 1960ల నుంచి పరిశోధించి చూపాడు. వాటికి మీసెంకైమల్ మూలకణాలు అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికాలోని కాప్లాన్, 1991లో.

ఎముక విరిగినప్పుడు జరిగేది కూడా ఇదే. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది. మూలకణాలు అక్కడికి చేరి పెరుగుతాయి. మొదట మెత్తని అతుకు పడుతుంది, కొన్ని వారాలలో అది గట్టిపడుతుంది, ఆ తరువాత నెలల తరబడి లోపల చెక్కుడుపని సాగుతుంది. ఇదంతా శరీరమే చేసుకుంటుంది. పిండికట్టు అయినా, వెదురుబద్ద అయినా చేసేది ఒకటే. ఎముకను సరైన చోట, కదలకుండా నిలిపి ఉంచడం.

ఇక్కడ మన తెలుగువాడిని ఒకరిని తలచుకోకుండా ముందుకు పోలేను. ఎముక గట్టిదనం కాల్షియం, భాస్వరం కలిసిన లవణంవల్ల వస్తుంది. శరీరద్రవాలలో భాస్వరం ఎంతున్నదో కొలిచే సులువైన పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి లోకానికి ఇచ్చినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మందును మెచ్చుకోవాలంటే ముందు కొలత కావాలి. ఆ కొలత ఇచ్చినవారిలో మనవాడు ఉన్నాడంటే మనకు గర్వమే. కొలత లేని గర్వం మాత్రం మనకు వద్దని కూడా ఆయన జీవితమే చెబుతున్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నల్లేరును ఎవరైనా కొలిచి చూశారా? చూశారు. 1960ల తొలినాళ్ళలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుపగారు, జి.సి. ప్రసాద్‌గారు జంతువుల విరిగిన ఎముకల మీద నల్లేరు సారాన్ని ప్రయోగించి, అతుకు త్వరగా పడుతున్నదని ప్రకటించారు. ఉడుపగారు మన కర్ణాటకలోని ఉడుపి ప్రాంతంవారే. శస్త్రవైద్యుడై ఉండి ఆయుర్వేదాన్ని ప్రయోగశాలలోకి తెచ్చిన మహానుభావుడు. తరువాత చాలా ఏళ్ళకు, ఆ ఉడుపి పక్కనే ఉన్న మణిపాల్ వైద్య కళాశాలవారు మరో మెట్టు ఎక్కారు. వారు ఎలుకల మూలుగ నుంచి మూలకణాలు తీసి, గాజుపాత్రలలో పెంచి, వాటికి నల్లేరు సారం కలిపి చూశారు. 2009లో ప్రకటించిన ఫలితం ఇది: సారం కలిపిన పాత్రలలో కణాలు ఎక్కువగా పెరిగాయి. ఎముక కట్టే కణాలుగా మారాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము చూపించాయి, ఇది కట్టే కణానికి గుర్తింపుబిళ్ళ వంటిది. వాటి చుట్టూ సున్నపు లవణం కూడా ఎక్కువగా పేరుకున్నది. అండాశయాలు తీసివేసిన ఎలుకలలో ఎముక గుల్లబారడాన్ని ఈ సారం కొంత అడ్డుకున్నదని కూడా అక్కడివారే చూపారు.

మన నల్లేరు ఒక్కటే కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవారు సిస్సు చెట్టు ఆకుల నుంచి, మోదుగ నుంచి ఎముకకు పనికివచ్చే పదార్థాలను వేరుచేసి పరీక్షించారు. చైనావారు వారి మూలికలోని ఇకారిన్ అనే పదార్థాన్ని ఇలాగే మూలకణాల మీద పరీక్షిస్తున్నారు. పెరట్లో మొక్కకు, ఎముకలోని మూలకణానికి మధ్య ఏదో సంబంధం ఉన్నదని చెప్పడానికి ఇవాళ ఆధారాలు ఉన్నాయి. ఇది చిన్న సంగతి కాదు.

సోదరులారా, ఇంతవరకు చదివి నేను ఆగిపోయాను. నా తప్పు అక్కడే.

అమ్మకు మణికట్టు ఎక్స్‌రే తీయించి, ఆస్పత్రిలోనే పిండికట్టు వేయించాము. ఆరువారాలకు అతుక్కున్నది. డాక్టరమ్మ ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించి, "ఎముకలు గుల్లబారినాయి" అని చెప్పి, కాల్షియం, విటమిన్ డి, వారానికి ఒకటి చొప్పున వేసుకునే మాత్ర రాసి ఇచ్చింది. ఆ మాత్ర పరగడుపున నిండుగ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, తరువాత అరగంట పడుకోకూడదు. అమ్మకు తెల్లవారి లేచి, పని చూసుకొని, కాసేపు నడుం వాల్చడం అలవాటు. మాత్ర వేసుకొని పడుకునేది. గుండెల్లో మంట. "ఈ మాత్ర నాకు పడదురా" అనేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఒక వారపత్రికలో ఈ మణిపాల్ సంగతి చదివాను. ఎంత పొంగిపోయానో చెప్పలేను. సాయంత్రం ఇంటికి వచ్చి, "అమ్మా, నల్లేరు గొప్పదని సైన్సువాళ్ళే ఒప్పుకున్నారు, మూలకణాలనే ఎముకగా మారుస్తుందట" అని చదివి వినిపించాను. ఆమెకు కావలసింది ఆ మాటే. బజారులో నల్లేరు పొడి కొనితెచ్చింది నేనే. మాత్ర మానమని నేను చెప్పలేదు. వేసుకుంటున్నావా అని అడగనూ లేదు. ఏడాదిన్నర గడిచింది. ఒకనాడు నిండు బిందె ఎత్తబోయి నడుం పట్టుకొని కూలబడింది. వెన్నుపూస నలిగిపోయింది. ఆస్పత్రికి పోవడానికి పాత కాగితాలు వెదుకుతుంటే, బియ్యపు డబ్బా వెనక విప్పని మాత్రల అట్టలు వరసగా కట్టకట్టి కనిపించాయి.

డాక్టరమ్మ అడిగింది, "మందు ఎవరు మాన్పించారు?" అని. నా నోట మాట రాలేదు. మంచం మీద నుంచి అమ్మే చెప్పింది: "నేనే మానుకున్నానమ్మా, వాడికేం తెలియదు." వాడికేం తెలియదు! నన్ను కాపాడటానికి ఆమె చెప్పిన ఆ అబద్ధంలో ఎంత నిజం ఉన్నదో నాకు ఆ రోజు తెలిసింది.

నాకు తెలియని సంగతులు తరువాత ఒక్కొక్కటే తెలుసుకున్నాను. మొదటిది: మణిపాల్‌వారు కణాలకు పోసింది నల్లేరు పచ్చడీ కాదు, బజారు పొడీ కాదు. పెట్రోలియం ఈథర్ అనే, పెట్రోలు జాతి ద్రావకంలో కాడను నానబెట్టి, అందులో దిగిన జిడ్డు పదార్థాన్ని వేరుచేసి, కొలిచి కలిపారు. మనం చింతపండు పులుసులో ఉడికిస్తే దిగేది అదే అని ఎలా అనగలం? రెండవది: గాజుపాత్రలోని కణం వేరు, ఎలుక వేరు, 60 ఏళ్ళు దాటిన మనిషి వేరు. పార్శిల్ మీద చీటీ అంటించినంత మాత్రాన సరుకు గమ్యం చేరినట్లు కాదు. దారిలో ఎన్ని జంక్షన్లు ఉన్నాయో మాకు తెలుసు. మనుషులలో, ముఖ్యంగా దవడ ఎముక విరిగినవారిలో, నల్లేరును పరీక్షించినవారు ఉన్నారు. ఫలితాలు ఆశ కలిగించేవే గాని, అవి కొద్దిమంది మీద జరిగిన చిన్న పరీక్షలు. వారపు మాత్ర వంటివాటిని వేలమంది మీద, ఏళ్ళ తరబడి పరీక్షించి, వెన్నుపూసలు విరగడం తగ్గిందని లెక్కకట్టి చూపారు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టిన తప్పు నాది, నల్లేరుది కాదు. ఆ పరిశోధకులదీ కాదు. వారు మాత్రలు మానమని ఎక్కడా రాయలేదు.

మూడవది: ఎముక పెరగడమే ఆరోగ్యం కాదు. దీనికి సాక్ష్యం మన తెలుగునేలలోనే ఉన్నది. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది. అయినా నడుం వంగిపోతుంది, కీళ్ళు బిగిసిపోతాయి. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించి ప్రకటించారు. నల్లగొండ కథ మీకు తెలిసినదే. కాబట్టి ఏ పదార్థమైనా ఎంత మోతాదు, ఎన్నాళ్ళు, ఎవరికి అని అడగాలి. "ఆకే గదా, ఏం చేస్తుంది" అనరాదు. మేలు చేయగల శక్తి ఉన్నదానికి కీడు చేయగల శక్తి కూడా ఉంటుంది.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. మా క్వార్టర్సులో ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు జామచెట్టు మీద నుంచి పడి మోచేతి పైఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎక్కడ నేర్చినదో తెలియని ఒకచోట కట్టు కట్టించారు. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. కట్టు బిగుసుకున్నది. పిల్లవాడు రాత్రంతా ఏడిస్తే, "ఎముక అతుక్కునేటప్పుడు నొప్పి ఉంటుంది" అని ఊరుకోబెట్టారు. తెల్లవారేసరికి వేళ్ళు చల్లబడి నీలంగా మారాయి. ఆస్పత్రిలో కట్టు కోసేశారు కాబట్టి చెయ్యి దక్కింది. రెండు వేళ్ళు మాత్రం ఇవాళ్టికీ పూర్తిగా చాచుకోవు. పిండికట్టు వేసినా బిగిస్తే ఇదే గతి. తప్పు వెదురుదీ కాదు, పిండిదీ కాదు. రక్తం ఆడుతున్నదా లేదా అని చూడకపోవడం తప్పు.

అందుచేత నా మనవి నాలుగు మాటలలో చెబుతాను. పడినప్పుడు విరిగిందన్న అనుమానం ఉంటే, ఆ భాగాన్ని కదపకుండా ఏదైనా బద్ద కట్టి, ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక తోలు చీల్చుకొని బయటికి వచ్చినా, పిల్లలకు మోచేతి దగ్గర విరిగినా, ముసలివారికి తుంటి విరిగినా ఆస్పత్రి తప్ప మరో ఆలోచన వద్దు. ఎవరు కట్టు కట్టినా వేళ్ళ కొనలు చూస్తూ ఉండండి. నీలంగా, తెల్లగా, చల్లగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతూ పోయినా అర్ధరాత్రి అయినా సరే కట్టు విప్పించండి. ఇంట్లో అమ్మకో అత్తగారికో చిన్న జారుడుకే ఎముక విరిగితే, దానికి కట్టుతోనే తృప్తిపడక, ఎముక గుల్లబారిందేమో పరీక్ష చేయించండి. డాక్టరు ఇచ్చే మందుతో పాటు మీరు వాడే ఆకు, పొడి, లేహ్యం కూడా దాచకుండా ఆయనకు చెప్పండి. మాత్ర పడకపోతే మానేయకుండా వెళ్ళి చెప్పండి. వేరే దారి ఉంటుంది. మా అమ్మకు ఇప్పుడు మాత్రకు బదులు సూదిమందు ఇస్తున్నారు.

ఇక తిండి. మనం ఉన్నది రాగి ముద్ద దేశంలో. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. రాయలసీమ సంగటి అన్నా, మైసూరు ముద్ద అన్నా ఒకటే. ఉద్యోగాలు వచ్చి, మనం దానిని బీదల తిండి అని వదిలేశాము. పాలు, పెరుగు, ఇంత ఎండ, ఇంత నడక. అపార్టుమెంట్లలో ఎండ కూడా కొనుక్కోవలసిన సరుకైపోయింది. పెద్దవాళ్ళను రోజూ కాసేపు మేడమీదికి తీసుకువెళ్ళండి. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించండి. దానికయ్యే ఖర్చు ఆస్పత్రిలో ఒక పూట ఖర్చుకన్నా తక్కువ.

నల్లేరును వదిలేయమని నేను అనడంలేదు. మా మెట్ల పక్క తొట్టిలో పక్కింటి అమ్మగారు ఇచ్చిన కణుపు ఒకటి నాటాము. ఇప్పుడది కిటికీ ఊచలన్నీ అల్లుకున్నది. నెలకు రెండుసార్లు పచ్చడి నూరుతాము. అది మా ఇంట్లో మందు కాదు, రుచి. మా ఊరి రుచి. అది మందు కావలసి ఉంటే, ఆ పని ప్రయోగశాలలవారూ, ఆస్పత్రులవారూ వేలమంది మీద పరీక్షించి తేల్చాలి. తేలుతుందనే నా ఆశ. మన పిల్లలలో డాక్టర్లు, శాస్త్రజ్ఞులు కాబోయేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఉడుపగారు మొదలుపెట్టిన పనిని మీరు పూర్తిచేయండి. మీ తాతమ్మ చెప్పిందని నమ్మకండి, మీ తాతమ్మ చెప్పిందని కొట్టిపారేయకండి. కొలవండి.

మా అమ్మ ఈ సభలోనే రెండో వరసలో, చేతికర్ర పక్కన పెట్టుకొని కూర్చున్నది. ఈ సంగతులు సభలో చెప్పవచ్చునా అని నిన్న రాత్రి ఆమెను అడిగాను. "చెప్పు. నా నడుం ఎలాగూ పోయింది, ఇంకొకరి నడుమైనా నిలబడుతుంది" అన్నది. ఆమె అనుమతితోనే చెప్పాను.

కొత్త సంవత్సరం మీ అందరికీ నల్లేరు మీద బండి నడకలా సాగాలని కోరుకుంటున్నాను.